నల్లి మడంతా పాకకముందే దాని దారులు మూసేయడం ఎలా

మొక్కల రసం పీల్చే నల్లికి రెక్కలు లేవు. ఎగరలేదు, మిడతలా దూకలేదు. అయినా మడిలో ఒక మూల నాలుగు మొక్కల మీద కనిపించిన నల్లి, ఎండలు ముదిరితే రెండు మూడు వారాల్లో మడంతా పరుచుకుంటుంది. సాధారణంగా ఏం చేస్తాం? ఆకులు ఎండి రాలిపోతున్న మొక్కల దగ్గరకు వెళ్లి మందు కొడతాం. అప్పటికే అక్కడి నల్లి చాలావరకు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటుంది. ఎండిన ఆకులో దానికి తిండి లేదు. పక్కనే పచ్చగా, ఏ జబ్బూ లేనట్టు కనిపించే మొక్కల మీదకు చేరి ఉంటుంది. కాబట్టి మీ చూపు, మీ చెయ్యి ముందు ఆ పచ్చని మొక్కల మీదకు వెళ్లాలి. కింద చెప్పే పనులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు ఏ నల్లో తేల్చుకోండి

అన్ని నల్లులూ ఒకేలా ప్రయాణించవు, అందుకే ఈ పని మొదట చేయాలి. ఆకు తిప్పి చూడండి. పైభాగాన సన్నటి తెల్లటి, పసుపు చుక్కలు, అడుగున సన్నటి గూడు, దాని కింద మెల్లగా కదిలే నలకలు ఉంటే అది ఎర్రనల్లి జాతి. వీటిలో ఎక్కువగా కనిపించేది రెండు మచ్చల నల్లి. ఎర్రనల్లి అని పిలిచినా, పంట మీద ఉన్నప్పుడు చాలాసార్లు లేత ఆకుపచ్చ రంగులోనో పసుపు రంగులోనో ఉంటుంది. ఒంటికి రెండు పక్కలా ముదురు మచ్చ కనిపిస్తుంది. బాగా ఎదిగిన ఆడ నల్లి సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. వంగ, బెండ, చిక్కుడు, టమాటా, పత్తి, గులాబీ ఇలా చెప్పుకుంటూ పోతే వెయ్యికి పైగా రకాల మొక్కల మీద బతకగలదు. పంట మార్చినంత మాత్రాన ఇది వదలకపోవడానికి కారణం అదే.

ముదురు ఆకులు బాగానే ఉండి చిగుళ్లు మాత్రమే ముడుచుకుంటున్నాయా? ఆకు అంచులు కిందికి తిరిగి, బోర్లించిన పడవలా అయి, ఆకు కాడ పొడవుగా సాగిందా? అది పసుపు నల్లి. మిరపలో దీన్నే కింది ముడత అంటారు. ఆకు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని, దాని వైద్యం వేరు. పసుపు నల్లి గూడు కట్టదు. 0.2 మిల్లీమీటర్లకు మించదు, కాబట్టి ఉత్త కంటికి కనిపించడం కష్టం. చిగురు ముడుచుకున్నాకే చాలామందికి తెలుస్తుంది.

మూడోది ఎరియోఫిడ్ నల్లి. ఇది ఇంకా సన్నం. ఒళ్లు పొడుగ్గా పురుగులా ఉంటుంది, మిగతా నల్లులకు ఎనిమిది కాళ్లుంటే దీనికి నాలుగే, అవీ తల వైపే. చాలావరకు ఒక్కో రకం ఒకటి రెండు జాతుల మొక్కలనే పట్టుకుని ఉంటుంది. కొబ్బరికాయ ముచ్చిక కింద దాక్కుని కాయ మీద గోధుమ రంగు మచ్చలు తెచ్చేది ఈ జాతిదే. కందిలో గొడ్డుమోతు తెగులు వైరస్‌ను మోసుకొచ్చేది కూడా ఈ జాతిదే.

తెల్ల కాగితం, పది రెట్ల భూతద్దం

నల్లి పాకడాన్ని ఆపాలంటే ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. తెల్ల కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని, అనుమానం ఉన్న కొమ్మ కింద పట్టుకుని, కొమ్మను వేళ్లతో నాలుగైదు సార్లు గట్టిగా తట్టండి. కాగితం మీద పడ్డ నలకలను, కాగితం కదపకుండా, భూతద్దంతో అర నిమిషం చూడండి. దుమ్ము కదలదు, నల్లి కదులుతుంది. అనుమానం తీరకపోతే ఆ నలకలను వేలితో కాగితం మీద మెల్లగా రుద్దండి, నల్లి ఉంటే పచ్చటి లేదా ఎర్రటి గీత పడుతుంది.

కాగితం మీద ఇంకొకటి కూడా గమనించాలి. కొన్ని నలకలు మెల్లగా, దారి వెతుక్కుంటున్నట్టు నడుస్తాయి. అవి పంటను తినేవి. మరికొన్ని బేరిపండు ఆకారంలో నిగనిగలాడుతూ, ఒక చోట ఆగకుండా గబగబా పరుగెడతాయి. అవి నల్లిని తినే వేట నల్లులు, మీ పక్షాన ఉన్నవి. రెండోవి కూడా బాగానే కనిపిస్తుంటే మందు డబ్బా తీయడానికి తొందరపడకండి. నాలుగు రోజులాగి మళ్లీ తట్టి చూడండి.

ఎక్కడ తట్టాలి? మడి మధ్యలో కాదు. దారి పక్క సాళ్లు, మట్టి రోడ్డు వైపు, గాలి వచ్చే దిక్కు అంచు, నీరు సరిగా అందని గట్టు భాగం, పాత పంట పక్క. దుమ్ము పట్టిన మొక్కల మీద ఎర్రనల్లి ఎక్కువ పెరుగుతుంది, నీటి ఎద్దడి ఉన్న మొక్క మీద ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకోసారి, చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి చూస్తే చాలు. నల్లి కనిపించిన ప్రతి చోటా కర్ర పాతి రంగు గుడ్డ కట్టండి. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ కర్ర చుట్టూ ఉన్న ఆరోగ్యమైన మొక్కలను తట్టి చూడండి. నల్లి ఎటు నడుస్తోందో, ఎంత వేగంగా నడుస్తోందో కర్రల వరసే చెప్పేస్తుంది.

ఇంత తరచుగా ఎందుకంటే, 30 డిగ్రీల ఎండలో ఎర్రనల్లి గుడ్డు నుంచి పెద్దదయ్యేందుకు వారం, పది రోజులే పడుతుంది. ఒక ఆడది తన జీవితంలో వంద గుడ్ల దాకా పెడుతుంది. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, జత కట్టని ఆడ నల్లి కూడా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్ల నుంచి మగవే పుడతాయి, వాటితో జత కట్టి అది మళ్లీ ఆడవాటిని కంటుంది. అంటే కొత్త మొక్క మీద ఒక్క ఆడ నల్లి పడినా సంతతి మొదలవుతుంది. గుంపు చేరేదాకా ఆగుదాం అనుకోవడానికి ఇక్కడ వీలు లేదు.

నడిచే దారి

నల్లి ఎక్కువగా వాడేది ఈ దారే, మీ చేతిలో ఎక్కువగా ఉన్నదీ ఇదే. ఆకు ఆకు తగిలితే నల్లికి వంతెన వేసినట్టే. సాళ్లు కలిసిపోయిన తోటలో అది నేల మీద కాలు పెట్టకుండానే ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుతుంది. నేల మీద నడవలేదని కాదు, కొద్ది దూరం నడవగలదు కూడా.

నల్లి ఉన్న చోటు చిన్నదైతే, ఆ మొక్కలకూ చుట్టూ ఉన్న మొక్కలకూ మధ్య ఆకులు తగలకుండా చేయండి. కింది ముదురు ఆకులను తుంచి తీసేయండి, ఎర్రనల్లి సాధారణంగా కింది ఆకుల మీదే మొదలై పైకి ఎక్కుతుంది. నేలను తాకే కొమ్మలు, కలుపు మొక్కలను తాకే కొమ్మలు కత్తిరించండి. ఊతకర్రలకు కట్టే పంటైతే కట్టు బిగించి కొమ్మలు పక్క సాలు మీదకు వాలకుండా చూడండి.

బాగా పట్టేసిన మొక్కను పీకాలనుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. ముందు మొక్క మీద ప్లాస్టిక్ సంచి పైనుంచి తొడిగి, మూతి బిగించి, అప్పుడు మొదలు దగ్గర కోయండి. అలా కాకుండా పీకి సాలు మధ్యలో పడేస్తే ఏమవుతుందో చూడండి. గంటల్లో ఆకు వాడుతుంది, వాడగానే దాని మీద ఉన్న నల్లులన్నీ లేచి దగ్గర్లో ఉన్న పచ్చటి ఆకు వెతుక్కుంటాయి. పీకిన మొక్కను చేత్తో ఈడ్చుకుంటూ గట్టు దాకా తీసుకెళ్తే దారి పొడవునా నల్లి రాలుతుంది. మంచి ఉద్దేశంతో చేసే ఈ పనే మడంతా నల్లి పాకడానికి తరచూ కారణమవుతుంది. సంచి మూతి విప్పకుండానే ఎండలో రెండు మూడు రోజులు ఉంచి, తర్వాత కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి.

గాలి దారి

ఎర్రనల్లి బాగా పెరిగిపోయిన మొక్క కొసను ఒకసారి దగ్గరగా చూడండి. ఆకులు పసుపెక్కి, కొమ్మ చివర సన్నటి దారాలు అల్లుకుని, ఆ దారాల మీద పిల్లా పెద్దా నల్లులు ముద్దగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తట్టి చూస్తే ముద్ద మొత్తం కదులుతుంది. తిండి అయిపోయి ప్రయాణానికి సిద్ధమైన గుంపు అది. కొంత ముద్ద కింద మొక్కల మీద పడుతుంది, కొంతను గాలి తీసుకుపోతుంది, దగ్గరగా పోయే మనిషికో పశువుకో కూడా అంటుకుంటుంది. విడిగా ఉన్న ఆడ నల్లులు కూడా ఆకు అంచుకు చేరి, ముందు కాళ్లు పైకెత్తి గాలికి ఒంటిని అప్పగిస్తాయి. ఎరియోఫిడ్ నల్లులైతే ఒంటి చివర మీద నిలబడి గాలి కోసం ఎదురుచూస్తాయి. ఇంత తేలికైన ప్రాణికి రెక్కల అవసరం పెద్దగా లేదు.

గాలిని మనం ఆపలేం. కానీ ఆ ముద్దలను ఆపగలం. కొమ్మ చివర ముద్ద కనిపిస్తే అదే రోజు, పొద్దున్నే గాలి లేని వేళ, సంచి తొడిగి ఆ కొసను కోసేయండి. మిగతా పనులు రేపటికి వాయిదా వేసుకున్నా ఫర్వాలేదు, ఇది మాత్రం వాయిదా వేయకండి. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ దిక్కున ఉన్న మొక్కలను కాగితంతో తట్టి చూడండి. కొత్త మడి వేసేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుంచుకోండి. నల్లి పట్టిన పాత తోటకు గాలివాలున లేత పంట పెట్టొద్దు. వేరే స్థలం లేకపోతే పాత పంటను ముందు తీసేసి, కొన్ని రోజులు ఖాళీగా ఉంచి, అప్పుడు కొత్తది వేయండి.

మనమే మోసుకెళ్లే దారి

నల్లి చొక్కాకు, చేతి తొడుగులకు, కత్తెరకు, కోత బుట్టలకు అంటుకుని వెళ్తుంది. నెట్ హౌస్‌లు, పాలీహౌస్‌ల లోపలికి వచ్చేది ఎక్కువగా ఇలాగే. పరిష్కారం పని వరసలోనే ఉంది. లేత మడి ముందు, ముదురు మడి తర్వాత. నల్లి లేని చోటు ముందు, కర్రలు పాతిన చోటు చివర. కోత కోసినా, కలుపు తీసినా, పందిరికి కట్టినా వరస మార్చొద్దు. నల్లి ఉన్న చోట పని చేశాక ఆ బట్టలతోనే నారుమడిలోకి వెళ్లొద్దు. పనివాళ్లకు ఊరికే జాగ్రత్త అని చెబితే చాలదు, ఆ రంగు గుడ్డ కర్రలు చూపించి అటు వైపు ఆఖరున వెళ్లాలని చెప్పండి. కోత బుట్టలు, ట్రేలు సాయంత్రం నీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి.

దూర ప్రయాణం నారుతో

ఖండాలు దాటిన నల్లులు చాలావరకు నారుతోనో, అంట్లతోనో, కొమ్మ ముక్కలతోనో దాటాయి. కర్రపెండలం మీద బతికే పచ్చనల్లి దక్షిణ అమెరికాది. 1970ల మొదట్లో ఉగాండాలో కనిపించి, ఆ తర్వాత ఆఫ్రికాలో కర్రపెండలం పండే ప్రాంతమంతా పరుచుకుంది. కొబ్బరి మీద ఉండే ఎర్ర తాటి నల్లిని మొదట గుర్తించింది భారతదేశంలో, 1924లో. అదే నల్లి 2004లో అట్లాంటిక్ అవతల మార్టినీక్ దీవిలో బయటపడింది. కొద్ది ఏళ్లలోనే కరీబియన్ దీవులు దాటి ఫ్లోరిడా చేరింది. మొక్కలు ప్రయాణించినంత దూరం నల్లీ ప్రయాణిస్తుంది.

మీ స్థాయిలో చేయాల్సింది తేలికే. బయటి నుంచి వచ్చిన నారును, కుండీ మొక్కను, అంటును నేరుగా తోటలో పెట్టకండి. దూరంగా, ఇతర మొక్కలు తగలని చోట రెండు మూడు వారాలు ఉంచండి. ఈ గడువు ఎందుకంటే, వచ్చిన రోజు ఆకు మీద గుడ్లు మాత్రమే ఉంటే కాగితం మీద ఏమీ రాలవు. గుడ్లు పొదిగి, పిల్లలు ఎదిగేదాకా ఆగితే నల్లి ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఆ రోజుల్లో రెండు మూడు సార్లు ఆకు అడుగున భూతద్దంతో ఈనెల పక్కన వెతకండి. ఎర్రనల్లి గుడ్డు గుండ్రంగా, గాజు పూసలా మెరుస్తుంది. కంటికి ఆరోగ్యంగా కనిపించే నారు కట్టను నమ్మి వేయడం కన్నా ఈ ఆలస్యమే నయం.

పురుగు కాలు పట్టుకుని వెళ్లే నల్లి

పసుపు నల్లికి ఒక ప్రత్యేకత ఉంది. తెల్లదోమ కాళ్లను పట్టుకుని కొత్త మొక్క మీదకు చేరుతుంది. ఇంకా, మగ నల్లి ఎదిగీ ఎదగని ఆడ నల్లిని తన ఒంటికి తగిలించుకుని లేత చిగురు వైపు మోసుకుపోతుంది. అందుకే ఇది ఎప్పుడూ చిగుళ్లలోనే ఉంటుంది. మిరపలోనో, ఇంకేదైనా పంటలోనో పసుపు నల్లి తగ్గినట్టే తగ్గి మళ్లీ దూరపు మొక్కల మీద కనిపిస్తుంటే, తెల్లదోమ సంగతి ముందు చూడండి. పసుపు రంగు జిగురు అట్టలు పెట్టి దోమ ఎంత ఉందో తెలుసుకోండి. నారుమడి మీద సన్నటి వల కప్పితే దోమా రాదు, దానితో వచ్చే నల్లీ రాదు.

గట్టు మీద కలుపు, పక్క పొలం కోత

కామంచి, ఆముదం, తీగలా పాకే వెడల్పాకు కలుపు మొక్కలు నల్లికి మంచి ఆశ్రయం. గట్టు శుభ్రంగా ఉండాలన్నది నిజమే, కానీ ఎప్పుడు శుభ్రం చేస్తున్నామన్నదే అసలు సంగతి. పంట లేతగా ఉన్నప్పుడు, ఎండ మండిపోతున్న సమయంలో గట్టు మీద నల్లి పట్టిన కలుపును కోసి అక్కడే పడేస్తే, దాని మీది నల్లి అంతా మీ పంట మీదకు దిగుతుంది. కలుపు పంట వేయకముందే తీయండి. ఆలస్యమైతే ముందు ఆ కలుపు మీద నల్లి ఉందో లేదో చూసి, ఉంటే నల్లి మందు కొట్టి, రెండు రోజులాగి కోయండి. పక్క పొలంలో చిక్కుడో మొక్కజొన్నో కోతకొచ్చి ఎండుతుంటే ఆ వైపు సాళ్లను రోజు విడిచి రోజు చూడండి. పంట ఎండుతున్న రోజుల్లోనే అటు నుంచి వలస ఎక్కువ.

మందు ఎలా కొడితే నల్లి పాకదు

మందు అన్నాక ముందు ఏది కొట్టకూడదో తెలియాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ అనే రకం పురుగు మందులు ఎర్రనల్లిని పెద్దగా చంపవు. నల్లిని తినే వేట నల్లులను, చిన్న అక్షింతల పురుగులను మాత్రం తుడిచిపెట్టేస్తాయి. పైగా మందు తగిలిన నల్లి చిరాకుపడి ఉన్న చోటు వదిలి చుట్టూ చెదిరిపోతుంది. వేరే పురుగు కోసం ఇది కొట్టిన కొన్ని వారాలకు నల్లి ఎక్కువైందని చాలామంది గమనించే ఉంటారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగు మందుల తర్వాత కూడా నల్లి పెరగడం చాలా పంటల్లో చూశారు. నల్లి పురుగు కాదు, సాలీడు జాతికి దగ్గరి ప్రాణి, కాబట్టి దానికి నల్లి మందే కావాలి.

చిన్న గుంపు అయితే మందు కన్నా ముందు నీళ్లు. ఆకు అడుగు భాగానికి తగిలేలా గట్టి ధారతో రెండు మూడు రోజులకోసారి కడిగితే గూళ్లు తెగిపోతాయి, దుమ్ము పోతుంది, నల్లి రాలుతుంది. కాకపోతే ఆకుమచ్చ తెగుళ్లు ఉన్న పంటలో, సాయంత్రం వేళ ఇలా తడపకండి.

మందు తప్పనప్పుడు వెలుపలి నుంచి లోపలికి కొట్టండి. అంటే కర్రల చుట్టూ ఉన్న పచ్చని మొక్కల వరసతో మొదలుపెట్టి, వలయం మూసి, అప్పుడు మధ్యలోని ఎండిన మొక్కల దగ్గరకు రండి. ముందే మధ్యలో కొడితే బతికినవి బయటికి చెదురుతాయి. నాజిల్ కింది నుంచి పైకి తిప్పి పట్టుకోండి. ఆకు పైన తడిసి అడుగు పొడిగా ఉంటే ఆ పిచికారీ వృథా. చాలా నల్లి మందులు గుడ్లను చంపవు, కొన్ని గుడ్లను, పిల్లలను చంపి పెద్దవాటిని వదిలేస్తాయి. లేబుల్ చదివి ఏది దేనికో తెలుసుకోండి. ఎండలో గుడ్లు నాలుగైదు రోజుల్లో పొదుగుతాయి కాబట్టి, లేబుల్ ఒప్పుకుంటే ఐదు నుంచి ఏడు రోజులకు రెండోసారి కొట్టాలి. రెండోసారికి వేరే రకంగా పనిచేసే మందు తీసుకోండి. వేరే పేరు చాలదు, పనిచేసే తీరు వేరుగా ఉండాలి. రెండు మచ్చల నల్లి చాలా రకాల మందులకు తట్టుకునే శక్తి తెచ్చుకున్న ప్రాణి.

నీటిలో కరిగే గంధకం పసుపు నల్లి మీద, ఎరియోఫిడ్ నల్లుల మీద బాగా పనిచేస్తుంది. కానీ ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు మాడుతుంది, దోస జాతి పంటల్లో కొన్ని రకాలు దాన్ని అసలు తట్టుకోవు, నూనె మందు కొట్టిన రెండు వారాల లోపు కొట్టకూడదు. నత్రజని ఎక్కువ వేసిన మొక్క మీద నల్లి ఎక్కువ గుడ్లు పెడుతుంది, కాబట్టి మందు కొట్టే వారంలోనే యూరియా చల్లకండి. నీరు మాత్రం సమంగా, ఎద్దడి లేకుండా ఇవ్వండి.

వైరస్ మోసే నల్లి ఉంటే

కందిలో ఆకులు చిన్నవై, లేత పసుపు మచ్చలతో మొక్క గుబురుగా పెరిగి పూత రాకపోతే అది గొడ్డుమోతు. దీన్ని మోసే నల్లి ఆకుకు పెద్దగా నష్టం చేయదు, అది తెచ్చే వైరసే పంటను పోగొడుతుంది. ఇది విత్తనంతో రాదు, నల్లితోనే వస్తుంది. అందుకే మొదటి గొడ్డు మొక్క కనిపించగానే తీసేయాలి, పైన చెప్పినట్టు సంచి తొడిగే. కోత తర్వాత మోడుల నుంచి వచ్చే పిలకలను, గట్ల మీద దానంతటదే మొలిచిన కంది మొక్కలను వదిలితే నల్లి, వైరస్ రెండూ అక్కడ కాపురం ఉండి వచ్చే పైరు కోసం ఎదురుచూస్తాయి. గోధుమలోనూ ఇదే కథ: రాలిన గింజల నుంచి మొలిచిన మొక్కలు కొత్త పైరు మొలిచేదాకా పచ్చగా ఉంటే, ఎరియోఫిడ్ నల్లి వైరస్‌తో సహా వాటి మీద నుంచి కొత్త పైరుకు దిగుతుంది. రెండు పైర్ల మధ్య కనీసం రెండు వారాలు అలాంటి పచ్చని మొక్క ఒక్కటీ లేకుండా చూడండి.

ఎర్రనల్లి పట్టిన ఏ పంటకైనా కోత అయిన వెంటనే మోళ్లు తీసి, పందిరి కర్రలు, దారాలు, పాత మల్చింగ్ షీట్లు విప్పి దులిపి, వీలైతే ఎండలో వేయండి. చలి దేశాల్లో ఆడ నల్లులు నారింజ రంగుకు మారి కర్రల పగుళ్లలో, నేల మీది చెత్తలో చలికాలం గడుపుతాయి. అలాంటి చోట పాత కర్రలు మార్చకుండా కొత్త పైరు ఎక్కిస్తే మొదటి నల్లి ఆ కర్ర మీద నుంచే దిగుతుంది.